తలుపుకైతే చీల, నొగకైతే కొత్త కొయ్య

మన ఇంటి పేజీలో ఇంతవరకు పెళ్లి పాటలు, అవ్వ చేసే ఊరిబిండి, ముళబాగిలు పక్క పల్లెల్లో మనవాళ్ళ పాత ఇండ్లు, ఇవే ఎక్కువగా వచ్చాయి. ఈసారి నేను ఒక చెక్క విమానం గురించి రాస్తున్నాను. దీనికీ మనకూ ఏం సంబంధం అనుకోకండి. ఆ విమానం చేస్తున్నది మా పెద్దనాయన కొడుకు. దాంట్లో పడిన మూడు బెజ్జాల గురించి మా ఇంట్లో నెల రోజులు మాట్లాడుకున్నాం. ఆ మాటల మధ్య మా తాత పనిలోని ఒక కట్టుబాటు బయటికొచ్చింది. రాసి పెట్టకపోతే అది మా తరంతో పోతుంది.

నేను చదివింది కన్నడ మీడియంలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇప్పుడు బెంగళూరు ఆఫీసులో ఇంగ్లీషు. అందుకని వడ్రంగం మాటలు నాకు సగం అక్కడివి, సగం ఇక్కడివి వస్తాయి. చెక్కలో నిలువునా పారే పోగును మేం నార అంటాం, కన్నడంలో అది నారు. తెలుగు పుస్తకంలో 'నారు' అని కనబడితే నాకు ముందు చెక్కే గుర్తొస్తుంది, వరి మడి కాదు. ఈ కథంతా ఆ నార గురించే.

అన్న అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటాడు. అక్కడ ఇంటి షెడ్డులో సొంతంగా విమానం కట్టుకోవడం చట్టం ఒప్పుకున్న పని. సగానికి మించిన పని కట్టుకునేవాళ్ళే, నేర్చుకోవడానికో సరదాకో, చేసి ఉండాలి. పూర్తయ్యాక తనిఖీ ఉంటుంది. దాని మీద 'ఎక్స్‌పెరిమెంటల్' అని రాసి ఉంచాలి. 1953లో మొదలైన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అనే సంఘం ఇట్లాంటి వాళ్ళకు పెద్ద దిక్కు. ఆ సంఘంలో అనుభవం ఉన్నవాళ్ళు టెక్నికల్ కౌన్సిలర్లుగా షెడ్డుకే వచ్చి, డబ్బు తీసుకోకుండా పని చూసి సలహా చెప్పిపోతారు.

అన్న ఎంచుకున్నది పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్. బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన అదే మిన్నెసోటాలో, చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊళ్ళో, ఫోర్డ్ మోడల్ ఎ కారు ఇంజను బిగించి 1929లో ఎగరేసిన రెండు సీట్ల విమానం అది. రెక్క ఇద్దరి తలలకు పైన గొడుగులా ఉంటుంది. ఒళ్ళూ రెక్కా కొయ్యే, పైన గుడ్డ.

ఈ సంగతి చెబితే మా వీధిలో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "చెక్కతో విమానమా?" 1903లో రైట్ సోదరులు ఎగరేసింది చెక్కదే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్ళు మస్కిటో అనే యుద్ధ విమానాన్ని ప్లైవుడ్డుతో, బాల్సా కొయ్యతో వేల సంఖ్యలో కట్టారు. తన బరువుకు చెక్క చాలా గట్టిది. కాకపోతే ఆ గట్టితనమంతా నార పారే దిక్కులోనే ఉంటుంది. అడ్డంగా దానికి బలం లేదు. కట్టె చీల్చేవాళ్ళకు ఈ మాట కొత్త కాదు.

ఈ విమానాలకు వాడే కొయ్యల్లో పేరున్నది సిట్కా స్ప్రూస్. అలాస్కా నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా సముద్రం ఒడ్డున పెరిగే చెట్టు. దాన్ని ఏరడంలోనే సగం పని ఉంది. అంగుళానికి ఆరు వలయాలకు తగ్గకూడదు. పదిహేను అంగుళాల పొడవుకు ఒక అంగుళం కన్నా నార పక్కకు పోకూడదు. తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. మా తాత చింత కొయ్యను, తుమ్మ కొయ్యను కళ్ళతో ఏరేవాడట. అక్కడ కొలతలు పెట్టి ఏరుతారు, అంతే తేడా.

అన్న మూడు బెజ్జాల ఫోటోలు పంపి, "నువ్వు టెస్టర్‌వి కదా, చూసి చెప్పు" అన్నాడు. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. విమానాల గురించి నాకేం అధికారం లేదని ముందే చెప్పాను. "అధికారం ఉన్నవాళ్ళను నేను అడుగుతాను. నువ్వు నా వాదంలో ఓట్లు వెతుకు చాలు" అన్నాడు. అట్లాగైతే సరే అనుకుని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1998లో వేసిన మరమ్మతుల పుస్తకం, ఏసీ 43.13-1బి అంటారు, అందులో చెక్క గురించిన మొదటి అధ్యాయం చదివాను. ఇంటి విమానాలకు ఆ పుస్తకం కట్టడి కాకపోయినా, కట్టేవాళ్ళు దాన్నే కొలబద్దగా పెట్టుకుంటారు.

మొదటి బెజ్జం వెనక సీటు పక్కన, ప్లైవుడ్ పలకలో. డ్రిల్లు జారి అర అంగుళం తూటు పడింది. ఇది తేలిక. అంగుళానికి మించని తూటును అంచులు నున్నగా చేసి, తడి ఎక్కకుండా సీలు చేసి, పైన గుడ్డ మాసిక అంటించవచ్చని పుస్తకం చెబుతుంది. మాసికను మా బడిలో తేపె అనేవాళ్ళం. ఆ మాసిక తూటు చుట్టూ కనీసం ఒక అంగుళం పరుచుకోవాలి. లోపలి చట్రానికి అంగుళం లోపు తూటు ఉన్నా, రెక్క ముందంచు మీదో విమానం ముందు భాగంలోనో ఉన్నా ఈ గుడ్డ మాసిక పనికిరాదు. అన్నది ఈ రెండిట్లోనూ లేదు. ఒక సాయంత్రంలో అయిపోయింది.

రెండో బెజ్జం రెక్క దూలంలో. ఇంగ్లీషులో స్పార్ అంటారు. మన మిద్దె ఇండ్లకు దూలం ఎట్లాగో రెక్కకు అది అట్లా. ముందొకటి, వెనకొకటి. ఒక అంగుళం మందం, 4¾ అంగుళాల ఎత్తు ఉన్న నిలువు పలక. వెనక దూలంలో ఎత్తుకు సరిగ్గా సగంలో, ఏ బిగింపూ లేనిచోట, 1/8 అంగుళం సన్న బెజ్జం అనవసరంగా పడింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి కావడి బద్ద చాలు. భుజం మీద బద్ద, రెండు కొసల్లో బిందెలు. బద్ద వంగినప్పుడు పై అంచు నార సాగుతుంది, కింది అంచు నార నొక్కుకుంటుంది. నడిమి నారకు సాగుడూ తక్కువే, నొక్కుడూ తక్కువే. విమానం రెక్క తిరగేసిన కావడి. గాలి కొసల్ని పైకి ఎత్తుతుంది, మధ్యలో ఊతకడ్డీ కిందికి పట్టి ఉంచుతుంది. అందుకని ఊతకడ్డీ తగిలే చోట దూలం కింది అంచు సాగుతుంది, పై అంచు నొక్కుకుంటుంది.

నేను ఒక లెక్క వేసి చూశాను. ఆ దూలంలో 5/16 అంగుళం బెజ్జం సరిగ్గా నడుమ పడితే వంపుకు తట్టుకునే కొలత వెయ్యిలో ఒక వంతు కూడా తగ్గదు. అదే బెజ్జం కింది అంచుకు అర అంగుళం దూరంలో పడితే దాదాపు 13 శాతం పోతుంది. బెజ్జం అదే, డ్రిల్లు అదే, చోటు మారింది. దీనికి తోడు బెజ్జం ఒడ్డున ఒత్తిడి గుమికూడుతుంది, అది ఈ లెక్కలో లేదు.

రెండో బెజ్జాన్ని కౌన్సిలర్ వచ్చి చూశాడు. నడుమ ఉంది, సన్నది, దగ్గర్లో బోల్టు లేదు. తేమ దూరకుండా అదే కొయ్య ముక్కతో, నార దూలం నారతో కలిసి పారేటట్టు పూడ్చి, ఏ చోట ఏం చేశావో నీ కట్టుబడి పుస్తకంలో రాసుకో అన్నాడు. ఈ పూడ్పు బలం కోసం కాదు, తడి ఆపడానికి అని కూడా చెప్పాడు. ఆ మాటను అన్న నాకు రెండుసార్లు చెప్పాడు.

మూడోదే గొడవ. ముందు దూలంలో, ఊతకడ్డీ ఇనుప పట్టీ బిగించే చోట, కింది అంచు వైపు. డ్రిల్లు ఒక ముఖంలో సరిగ్గా దిగి, అవతలి ముఖంలో పావు అంగుళం కిందికి తేలింది. అన్న అవతల నుంచి మళ్ళీ వేశాడు. రెండూ కలిసి బెజ్జం ఎనిమిది అంకెలా సాగిపోయింది. ఆ రెక్క బరువంతా మోసే బోల్టు అందులో కూర్చోవాలి.

ఆ ఆదివారం వీడియోలో పెద్దనాయన ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళు. తాత దగ్గర పని నేర్చుకున్న ఆఖరి మనిషి. ఆయన చేతి తలుపులు మా పక్క పది ఊళ్ళలో ఉన్నాయి. ఫోటో చూసి నవ్వాడు. "దీనికింత తలనొప్పి ఎందుకప్పా? అదే జాతి కొయ్యతో చీల చెక్కు. బంక పూసి దిగ్గొట్టు. ఆరినాక చిత్రిక పట్టు. బెజ్జం ఎక్కడ ఉండిందో రేపు నువ్వే వెతుక్కోవాల."

అన్నకు కావలసిన మాట అదే. ఎందుకంటే ఎండాకాలంలో పెద్దనాయన అక్కడికి వెళ్ళాలి. వీసా వచ్చింది, టికెట్టు అయింది. ముందు సీట్లో నాన్నను కూర్చోబెట్టి ఒక్క చుట్టు తిప్పాలని అన్న నాలుగేళ్ళుగా అనుకుంటున్నాడు. దూలం మారిస్తే కొయ్య దొరకడానికే నెలలు. ఈ ఎండాకాలం దాటితే ఆ వయసులో ఆయన మళ్ళీ అంత దూరం వెళ్తాడో లేదో ఎవరు చెప్పగలరు?

నాకు ఉలి పట్టడం రాదు. మా ఇంట్లో ఆడపిల్లలకు పనిముట్ల పెట్టె ముట్టే అవసరమే రానివ్వలేదు. అట్లాంటిదాన్ని, కొయ్య గురించి పెద్దనాయనకు ఎదురు చెప్పాలి. మెల్లగా అడిగాను: "పెద్దనాయనా, చీల కనబడదు, సరే. తెగిన నార మళ్ళీ కలుస్తుందా?"

ఆయన వెంటనే అన్నాడు: "కలవదు. తలుపుకు కలవాల్సిన పని లేదు."

ఇక్కడే అసలు సంగతి ఉంది. చీల దిగ్గొట్టినప్పుడు బెజ్జం ఒడ్డున దూలం నార కొసలు తెగి ఉంటాయి. ఆ తెగిన కొసలకు బంక సరిగ్గా పట్టదు, స్ట్రాల కట్ట చివర గోందు పూసినట్టు పీల్చుకుపోతుంది. చీలను ఒత్తితే ఒత్తుడికి నిలుస్తుంది. లాగితే ఆ అతుకు ముందు విడిపోతుంది. అంటే సాగే అంచులో పూడ్చిన బెజ్జం, బలం లెక్కలో ఇంకా బెజ్జమే. కంటికి మాత్రం కాదు. మా ఆఫీసులో దీనికి దగ్గరిది ఒకటి ఉంది: తప్పు పోకుండా, తప్పు చూపించే సందేశం మాత్రం పోవడం. అట్లా వచ్చినదాన్ని నేను పాస్ చెయ్యను, ఎందుకంటే తర్వాత వచ్చేవాళ్ళకు వెతకాలని కూడా తెలియదు.

మిగతా దారులూ చూశాం. బెజ్జం పెద్దది చేసి లోహపు బుష్ దిగ్గొడితే? బుష్ బోల్టుకు మంచి ఒరుపు ఇస్తుంది కానీ ఇంకొంత నార తెగుతుంది, అదీ సాగే అంచులో. దూలం ఆ చోట కోసి అతికితే? మంచి కొయ్యలో అతుకును పది నుంచి పన్నెండింతల వాలుగా కోస్తారు. అప్పుడు తెగిన కొసలు కాక నార పక్కలు బంకకు దొరుకుతాయి, ఆ అతుకు నమ్మకమైనదే. కానీ ఊతకడ్డీ పట్టీ కింద అతుకు రాకూడదు, పట్టీ అంచు కూడా అతుకు మీదికి రాకూడదు అని పుస్తకం తేల్చి చెబుతుంది. సాగిన బోల్టు బెజ్జాల గురించి దాని మాట ఇంకా సూటిగా ఉంది: కొత్త ముక్క అతుకు, లేదంటే దూలమే మార్చు.

పెద్దనాయన ఒప్పుకోలేదు. కోపం లేదు, ముఖం మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. "పుస్తకం రాసినోడు నా చీల చూడలేదు కదా" అన్నాడు. న్యాయమైన మాటే. అయితే చూద్దాం అన్నాను.

అన్న అదే పలకలో మిగిలిన కొయ్య నుంచి ఒకే కొలతలో మూడు బద్దలు కోశాడు. ఒకటి ఉత్తది. ఒకదానికి మధ్యలో, కింది అంచు దగ్గర బెజ్జం. మూడోదానికి అదే చోట బెజ్జం వేసి, పెద్దనాయన వీడియోలో చెప్పినట్టే చీల చెక్కి, టి-88 అనే ఎపాక్సీ బంకతో పూడ్చి, వారం ఆరబెట్టాడు. నిజంగా అందమైన పూడ్పు. రెండు కొసలూ దిమ్మెల మీద పెట్టి, నడుమ బకెట్టు వేలాడగట్టి, నీళ్ళు పోస్తూ పోయాడు. మాకు బెంగళూరులో రాత్రి పది దాటింది.

ఉత్త బద్ద చాలాసేపు నిలిచింది. తక్కిన రెండూ దానికన్నా చాలా ముందే, ఇంచుమించు ఒకే నీళ్ళకు, బెజ్జం దగ్గరే పుటుక్కుమన్నాయి. మూడు బద్దలతో ఏదీ రుజువు కాదు, అది నాకు తెలుసు. కానీ విరిగిన తీరు చూడాలి. చీల ఉన్న బద్ద చీల ఒడ్డునే విడింది. చీల పక్క మీద బంక పొర అద్దంలా అట్లాగే నిలిచి ఉంది. బంక బాగా పడితే అతుకు కాక కొయ్యే చిరగాలి. ఈ లెక్కతోనే అక్కడివాళ్ళు ప్రతిసారీ కలిపిన బంకతో ఒక నమూనా ముక్క అతికి, ఆరినాక విరిచి చూస్తారు.

పెద్దనాయన ఆ ముక్కను కెమెరా దగ్గరికి తెమ్మన్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను అడగాల్సినదానికన్నా మంచిది: "ఆ దూలం కింది అంచు గాల్లో లాగుతుందా, నొక్కుతుందా?"

"లాగుతుంది పెద్దనాయనా."

"అయితే అది తలుపు కాదప్పా, నొగ."

నొగలు అంటే ఎద్దుల బండికి ముందుకు సాగే పొడుగు కొయ్యలు, కాడి కట్టేది వాటికే. ఆయన చెప్పింది ఇది. తాత దగ్గర తలుపులో, గుమ్మంలో, మంచంలో బెజ్జం తప్పు పడితే చీల కొట్టి పూడ్చేవాళ్ళు. అది సిగ్గుపడే పని కాదు, చీల కనబడకుండా కొట్టడం ఒక విద్య. కానీ నొగలో తప్పు బెజ్జం పడితే తాత దాన్ని పూడ్చనిచ్చేవాడు కాదు. పక్కన పడేసి, తర్వాత గొడ్ల కొట్టానికి గుంజగానో మంచం కోడుగానో కోసేవాడు. కూలి పోయినా సరే. బండి మీద మనుషులు కూర్చుంటారు, దారి మధ్యలో నొగ విరిగితే ఎద్దుల మెడ మీద పడుతుంది అనేవాడట. ఈ మాట పెద్దనాయన మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. బండ్లు పోయి నలభై ఏళ్ళయింది, చెప్పే సందర్భం రాలేదు.

ఆయనే అన్నతో అన్నాడు: "మార్చు. నేను వచ్చేసరికి ఎగరకపోతే ఎగరదు." అన్న ఫోను పెట్టేశాక అవ్వ చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

పెద్దనాయన ఎండాకాలంలో వెళ్ళాడు. పెట్టె బరువు తూచే చోట ఊరగాయ సీసా ఒకటి తీసేసి, ఆ చోట తాత చిత్రిక పెట్టుకున్నాడు. అది అక్కడ నిజంగా పనికొచ్చింది. బంక పూసే మెత్తని కొయ్య ముఖాన్ని ఉప్పుకాగితంతో రుద్దకూడదు, రంపపు పొడి నార రంధ్రాల్లో కూరుకుని బంకను పట్టనివ్వదు. పదునైన చిత్రికతోనే నున్నన చెయ్యాలి. చేశాక ఎనిమిది గంటల్లోపు బంక పడాలి. కొత్త దూలం ఆయన ఉండగానే వచ్చింది, దాదాపు పదమూడు అడుగులు. పట్టీల చోట అంటించే ప్లైవుడ్ పలకల కోసం ఆ ముఖాలు పెద్దనాయన పొద్దున చిత్రిక పట్టాడు, సాయంత్రం అన్న బంక పూశాడు. ఫోటోలో నేల మీద చిత్రిక పొట్టు తమలపాకుల్లా చుట్టలు చుట్టుకుని ఉంది.

బెజ్జం ఈసారి చేతి డ్రిల్లుతో కాదు, నిలువు డ్రిల్ ప్రెస్సుతో వేశారు. కొత్తగా పదును పెట్టిన బిట్టు, కింద ఇంకో చెక్క దన్ను, పైన ఆ ఇనుప పట్టీయే అచ్చు. తొందరపెడితే, బిట్టు మొద్దుబారితే బెజ్జం గరుకు తేలుతుంది. బోల్టు బిగువుగా కూర్చోవాలి, కానీ కొయ్య సుత్తితో మెల్లగా తడితే దిగాలి. గట్టిగా బాదాల్సి వస్తే కొయ్య చీలవచ్చు. వదులుగా ఉంటే బోల్టు కదులుతూ బెజ్జాన్ని తినేస్తుంది. ఆ తట్టే పని పెద్దనాయన చేశాడు. మూడు దెబ్బలు అని వాట్సాప్‌లో రాశాడు.

విమానం ఇంకా ఎగరలేదు. పెద్దనాయన తిరిగొచ్చేశాడు. ముందు సీటు ఖాళీగానే ఉంది. పాత దూలాన్ని అన్న ఎవరూ పొరపాటున వాడకుండా బెజ్జం మీదే అడ్డంగా కోసేశాడు. మంచి కొసలు బంక నమూనాలకు పోతున్నాయి.

మీలో ఎవరింట్లోనైనా వడ్రంగం ఉండి ఉంటే ఒక్క పని చేయండి. పెద్దవాళ్ళను పనిముట్ల పేర్లే కాదు, "దేన్ని పూడ్చేవాళ్ళు, దేన్ని పారేసేవాళ్ళు?" అని అడగండి. చిత్తూరు పక్క ఒక మాట ఉంటుంది, బళ్ళారి పక్క ఇంకోటి, హోసూరు వాళ్ళది ఇంకోటి. నొగను మీ వైపు ఏమంటారో కూడా రాయండి. పెద్దనాయన చదవమంటాడు, నేను చదివి వినిపిస్తాను.